పాదరక్షల పోషణము

(మన సంఘ వార్షిక మహాసభలో రెండవనాడు చేసిన ఉపన్యాసము)

   

నిన్నటి సభలో పెద్దలు విద్యార్థివేతనములను గూర్చియు, వసతిగృహములను గూర్చియు, ఉద్యోగములను గూర్చియు గంభీరముగా ఉపన్యసించిరి. నేడు నా వంతు వచ్చినది. కార్యక్రమపత్రములో నా పేరున కెదురుగా "తోలుజోళ్లకు పాలిషు చేయుట, వానిని కాపాడుకొనుట" అని యుండుట చూచి కొందరు యువకులు నవ్వుకొనిరట. మరి కొందరు నా యొద్దకే వచ్చి, "అయ్యా, ఆ పెట్టెనుండి బయటపడవలెననియే గదా మన పెద్దలు ఇన్నేండ్లు సభలు చేసిరి. మరల ఆ పెట్టెను వేదిక మీదికి తెచ్చుట యెందుకు?" అని అడిగిరి. ఆ ప్రశ్న న్యాయమైనది. దానికి సమాధానము చెప్పకుండ నేను కూర్చుండను. కాని ముందు విషయము చెప్పి, పిదప సమాధానము చెప్పుదును. విషయము తెలియనివాని సమాధానము విలువలేనిది గదా!

మా తండ్రి చెప్పులు కుట్టి మమ్ము పెంచెను. ఆయన కుట్టిన కిర్రుచెప్పులు తొడిగి ఊరి పెద్దరైతు బయలుదేరినచో, మనిషి కనబడకముందే చప్పుడు వినబడెడిది. అంత పనివాడు తనకొరకును ఒక జత కుట్టుకొనెను. మా వాడ దాటువరకు వానిని తొడుగుకొని, పెద్దవీథి మొదలు రాగానే విడిచి, చేతబట్టుకొని, వట్టికాళ్లతో ఆ వీథి దాటి, చెరువుకట్ట మీద మరల తొడుగుకొనెడివాడు. 1950 జనవరి 26 నుండి అమలులోనికి వచ్చిన మన రాజ్యాంగము 17వ అధికరణముచే అస్పృశ్యతను రద్దుచేసినది. 1955లో దానిని నేరముగా నెంచి శిక్షించు చట్టమును వచ్చినది. నేను చెప్పుచున్నది 1960 ప్రాంతపు మాట. చట్టము ఊరికి వచ్చినది గాని, ఆ వీథిలోనికి ఇంకను రాలేదు.

మా తండ్రి ప్రతి ఆదివారమును ఆ జతను ముందు పెట్టుకొని, దుమ్ము తుడిచి, ఆముదము చేతికి రాచుకొని, వారులకును అడుగులకును పట్టించెడివాడు. నాకప్పుడు పదేండ్ల ప్రాయము. ఒకనాడు ఉండబట్టలేక, "నాయనా, చేతిలో మోసేదానికి ఇంత నూనె ఎందుకు?" అని అడిగితిని. ఆయన తలయెత్తకుండనే, "తోలుకు వీథులు తెలియవురా. నూనె లేకపోతే అది కాలికున్నా ఎండుతుంది, చేతిలో ఉన్నా ఎండుతుంది" అనెను. ఆ మాటలోని బాధ నాకు పెద్దయైన పిదప తెలిసినది. ఆ మాటలోని శాస్త్రము ఇంకను తరువాత తెలిసినది. నేడు మీకు చెప్పదలచినది ఆ శాస్త్రమే. జోటికి మెరుగు కడపటి పని. పోషణము మొదటి పని. లోకము మెరుగునే చూచును, మెరుగునకే డబ్బిచ్చును. కాని జోటిని బ్రతికించునది పోషణము.

తోలనగా నేమో కొంచెము విచారింతము. పశువు చర్మములో కొల్లాజెన్ అను మాంసకృత్తు పోగులు అన్ని దిక్కులను అల్లుకొని యుండును. ఏ మగ్గమును నేయలేనంత దట్టమైన నేత యది. పశువు బ్రతికియున్నంతకాలము ఆ పోగుల నడుమ నీరును, కొవ్వును ఉండి, ఒకదానిమీద నొకటి జారుచు కదలునట్లు చేయును. చచ్చిన చర్మమును ఊరక విడిచినచో కుళ్లును. ఎండబెట్టినచో అట్టవలె బిగిసిపోవును. ఈ రెండు గతులనుండి తప్పించుటయే తోలును పదును చేయుట. మన పెద్దలు ముందుగా సున్నపునీటిలో నానవేసి వెండ్రుకలు వదలించి, కడిగి, పిదప లందలో తంగేడుచెక్కయు, తుమ్మచెక్కయు, కరక్కాయయు వేసిన రసములో వారములకొలది ఊరనిచ్చిరి. ఆ వగరు పోగులకు పట్టుకొని, కుళ్లుటకు తావులేకుండ చేయును. మా తల్లి తంగేడుచెక్క దంచెడిది. ఆమె అరచేతుల గోధుమరంగు పండుగనాడు సయితము వదలెడిది కాదు. ఈ విధముగా చెక్కతో పదునైన దక్షిణదేశపు తోళ్లే 19వ శతాబ్దిలో మద్రాసు రేవునుండి ఓడలెక్కి "ఈస్టిండియా తోళ్లు" అను పేర లండను విపణిలో అమ్ముడుపోయెను. ఓడ యెక్కిన తోలునకు పేరు వచ్చినది. లందలో చేతులు ముంచినవారికి రాలేదు.

పిదప క్రోము అను లోహపు లవణములతో పదును చేయు పద్ధతి వచ్చినది. అమెరికాలో ఆగస్టస్ షుల్జు 1884లోను, మార్టిన్ డెన్నిస్ 1893లోను దీనికి హక్కుపత్రములు పొందిరి. వారములు పట్టు పని దినములలోనికి వచ్చినది. 20వ శతాబ్ది ఆరంభమున ఆల్ఫ్రెడ్ ఛాటర్టన్ అను ఆంగ్లేయుడు మద్రాసులో ఆ పద్ధతిని ప్రవేశపెట్టెను. 1948లో ఆ నగరముననే కేంద్ర చర్మపరిశోధన సంస్థ స్థాపితమైనది. నేడు మీరు తొడుగు బూట్ల పైతోలులో ఎక్కువభాగము క్రోముతో పదునైనదే. చెక్కతోలు నీటిని త్వరగా పీల్చును, నూనెను ఇష్టపడును, వాడినకొలది రంగు ముదురును. క్రోముతోలు మెత్తగా నుండి నీటికి కొంత ఓర్చును. పదును ఏ విధముగా జరిగినను, కడపట పోగుల నడుమ నూనె యెక్కించక తప్పదు. కర్మాగారములలో ఇందులకు వాడు నూనెలలో మన ఆముదమునుండి చేసినదియు నొకటి. ఆదివారమునాడు మా తండ్రి అరచేతితో చేసిన పని ఇదియే.

ఇక జోటికి శత్రువులెవ్వరు? నీరు, వేడి, చెమట, దుమ్ము. ఈ నాల్గింటిలో మన దేశమునకు ఏదియు కొదువలేదు. నీరు తోలులోనికి దిగి, తిరిగి ఆవిరియై పోవునప్పుడు లోపలి నూనెను స్థానము తప్పించును. అందువలననే తడిసి ఆరిన జోడు బిరుసెక్కును. చెమటలోని ఉప్పు తోలులో మిగిలి తెల్లని చారలుగా తేలును. దుమ్ము సంగతి తేలికగా తలపవలదు. పైతోలును అడుగును కలుపు కుట్టుదారము ప్రక్కన చేరిన ఇసుకరేణువు ప్రతి అడుగునకును రంపపు పన్నువలె దారమును కోయును. పైకి మెరయు బూటు ఒకనాడు నడివీథిలో నోరు తెరచుటకు కారణమిదియే.

వేడిని గూర్చి నా తప్పునే చెప్పుకొందును. పదునారేండ్ల వయసున నేను సికింద్రాబాదులో, దండు బజారులోని యొక అంగడిలో పనికి కుదిరితిని. ఒక వానకాలపు సాయంత్రమున ఒక హవల్దారు బాగుగా తడిసిన బూట్లు తెచ్చి, మరునాటి ఉదయపు కవాతునకు కావలెనని చెప్పిపోయెను. మా ఉస్తాదు అప్పుడు అంగడిలో లేడు. త్వరగా ఆరునని తలచి నేను వానిని బొగ్గుల అంగీఠీ ప్రక్కనే నిలిపి నిద్రపోతిని. తెల్లవారునప్పటికి అవి అప్పడమువలె బిగిసి, ముక్కు పైకి లేచియుండెను. నేను భయపడి, ఎవరును చూడకముందే పాలిషు మీద పాలిషు పట్టించి, గుడ్డతో రుద్ది, అద్దమువలె చేసితిని. హవల్దారు సంతోషించి, అడిగినదానికన్న అణా యెక్కువ విలువచేయు చిల్లర నా చేతిలో పెట్టిపోయెను. వారము తిరుగకముందే వ్రేళ్లు వంగుచోట రెండు బూట్లును అడ్డముగా పగిలినవి. పైన పటారము, లోన లొటారము.

ఉస్తాదు సంగతి తెలిసికొని నన్ను కొట్టలేదు. నా కూలిలో పైసయు కోయలేదు. తన డబ్బుతో పైతోలు మార్చి, ఆ పనియంతయు నాచేత కూర్చుండబెట్టి చేయించి, కడపట ఒక్క మాట యనెను: "బేటా, నువ్వు తోలును కాల్చినందుకు నాకు కోపం లేదు. కాల్చిన తోలుకు మెరుగు పెట్టినావే, అందుకు కోపం." ఆ మాట నన్ను ఇన్నేండ్లును విడువలేదు.

ఇప్పుడు దాని లెక్కయు చెప్పుదును. తడిసిన పచ్చిచర్మము సుమారు 60, 65 డిగ్రీల సెంటిగ్రేడు వేడికే ముడుచుకొనిపోవును. చెక్కతో పదునైన తోలు తడిగా నున్నప్పుడు 70 మొదలు 85 డిగ్రీల వరకును, క్రోముతోలు సుమారు 100 డిగ్రీల వరకును తాళును. ఒక్క జోటిలోనే పైతోలు క్రోముదై, అడుగు చెక్కతోలై యుండుట కలదు. ఒక్కసారి వేడి తగిలినచో ఒక్కొక్కటి ఒక్కొక్క తీరున ముడుచుకొని, కుట్టు లాగుకొనిపోవును. ముడుచుకొనిన పోగును మరల సాగదీయగల మందు ఈ లోకమున లేదు. కావున తడిసిన జోటిని పొయ్యి ప్రక్కనుంచవలదు, మండుటెండలో పెట్టవలదు, నేడు ఇండ్లలో నున్న జుట్టారబెట్టు యంత్రపు గాలిని దానిమీదికి తిప్పవలదు. లోపల పాత వార్తాపత్రికల కాగితమును నలిపి కూరి, నీడలో గాలితగులుచోట ప్రక్కకు ఒరగించి యుంచవలెను. కాగితము తడిసిన కొలది మార్చవలెను. ఒక పగలు, ఒక రాత్రి పట్టినను ఓర్చుకొనవలెను.

పని క్రమమును విన్నవించెదను. మొదట లేసులు తీసివేయవలెను. లేసుల క్రింద నాలుకమీద దాగిన దుమ్మే మడతలను కొరుకును. పిదప కుంచెతో పైదుమ్మును, కుట్టు ప్రక్కనున్న ఇసుకను దులుపవలెను. బురద అంటినచో తడిపి గట్టిగా పిండిన గుడ్డతో తుడువవలెను గాని నీళ్లలో ముంచరాదు. తెల్లని ఉప్పుచారలును ఆ తడిగుడ్డతోడనే ఒకటికి రెండుసార్లు తుడిచిన పోవును. తడి పూర్తిగా ఆరిన తరువాతనే తక్కిన పని. తడి లోపలనుండగా పైన మైనము పూసినచో, తలుపు మూసి దొంగను ఇంటిలోనే ఉంచుకొనినట్లగును.

ఆరిన పిదప పోషణము. తోలునకు పెట్టు క్రీమునో, నూనెనో మెత్తని గుడ్డకు కొలదిగా రాచి పలుచగా పట్టించి, కొన్ని గంటలు విడువవలెను. కొలది అను మాట మరువవలదు. నాటుచెప్పులకు ఆముదము చాలును. పట్టణపు బూట్లకు అట్లు ముంచి పెట్టినచో తోలు నల్లబడి, చివికినట్లు మెత్తనై, ఆకారము కోల్పోవును. దాని మీద పాలిషును నిలువదు. ఆకలికి అన్నము పెట్టవలెను గాని, అజీర్ణమునకు కాదు.

కడపట పాలిషు. గుడ్డను వ్రేలికి చుట్టి, పాలిషును చిన్నచిన్న సున్నలుగా త్రిప్పుచు పలుచగా పూయవలెను. పది నిమిషములు ఆరనిచ్చి, గుఱ్ఱపు వెండ్రుకల కుంచెతో వేగముగా, బరువు మోపకుండ రుద్దవలెను. ఆ పిమ్మట మెత్తని గుడ్డతో లాగినచో మెరుగు లేచును. సిపాయిలు ముక్కుభాగమును అద్దము చేయుటకు గుడ్డకు ఒక్క నీటిచుక్క తగిలించి, పలుచని పూతలు పదింటిని ఒకదానిమీద నొకటి వేయుదురు. మెరుగనగా మరేమియు కాదు. తోలుమీది సన్నని గుంటలను మైనము పూడ్చి, పైభాగమును సమము చేయగా వెలుగు చెదరక ఒక్క దిక్కునకు మరలివచ్చుట. కాని వ్రేళ్లు వంగుచోట ఇట్లు పూతమీద పూత వేయరాదు. మైనము వంగదు, పగులును. ఆ పగులులలో దుమ్ము చేరి క్రిందితోలును కూడ కోయును. అగ్గిపుల్ల వెలిగించి డబ్బాలోని పాలిషును కరగించు అలవాటు కొందరికి కలదు. దానిలోని ద్రవము త్వరగా అంటుకొనును. చేయియు కాలును, పాలిషును గట్టిపడి చెడును.

ఆ చిన్న డబ్బాలో నేమున్నది? మైనములు, వానిని కరగించు ద్రవము, రంగు. ఈ మూడే ముఖ్యము. మైనములలో తేనెపట్టు మైనము మన మెరిగినదే. అది సుమారు 62 మొదలు 64 డిగ్రీలకు కరగును. దానికన్న గట్టిది కార్నోబా మైనము. అది బ్రెజిలు దేశపు ఈశాన్యమున పెరుగు ఒక తాటిజాతి చెట్టు ఆకుల మీదినుండి తీసినది. 80 డిగ్రీలు దాటినగాని కరగదు. మెరుగులోని గట్టితనము దానిదే. కరగించుటకు దేవదారు జాతి వృక్షముల బంకనుండి దించిన టర్పెంటయినును, నేడు తరచుగా మట్టినూనె కుటుంబపు ద్రవములను వాడుదురు. ఆ ఘాటైన వాసన దానిదే. అది ఎగిరిపోగా మైనము నిలచును. 1906లో ఆస్ట్రేలియాలోని మెల్బోర్ను నగరమున విలియం రామ్సే అనునతడు తన పాలిషును అమ్మకమునకు తెచ్చి, తన భార్య పుట్టిన న్యూజీలాండు దేశపు పక్షి పేర "కివి" అని పిలిచెను. మొదటి ప్రపంచయుద్ధమున సైనికుల సంచులలో పడి ఆ పక్షి సముద్రములు దాటినది. ఎగురలేని పక్షికి పాలిషుడబ్బా రెక్కలిచ్చినది!

అన్ని తోళ్లకు ఒకే మందు లేదు. నూగుతోలు, అనగా స్వేడు, మైనము తగిలిన చచ్చును. దానికి పొడికుంచె చాలును. అద్దపుపూత వేసిన పేటెంటు తోలును తడిగుడ్డతో తుడిచి విడువవలెను. రెగ్జినుకు పోగులు లేవు గనుక ఆకలియు లేదు. దానికి ఖరీదైన క్రీము పూసి డబ్బడుగుట మోసము. సీసాలలో స్పంజితో వచ్చు ద్రవపు పాలిషు నిమిషములో మెరయును గాని, తోలుమీద ఒక పొరవలె పేరుకొనును, తోలునకు పోషణము కాదు. తొందరపనికి ఒకనాడు వాడినను, నిత్యము వాడవలదు.

వానకాలమున బూజు పట్టుట మన ప్రాంతమున అందరకును కలుగు కష్టము. గాలిలేనిచోట, తేమలో, తోలులోని కొవ్వును తిని శిలీంధ్రములు పెరుగును. అట్టి జోటిని ఇంటిలో దులుపక, వెలుపలికి తీసికొనిపోయి, పొడిగుడ్డతో తుడిచి, పిదప స్పిరిటు కొంచెము తగిలించిన గుడ్డతో ఒకమూల పరీక్షించి మెల్లగా తుడిచి, గాలికి ఆరనిచ్చి, మరల పోషించవలెను. ప్లాస్టికు సంచిలో కట్టి అటకమీద వేయుట బూజునకు ఆహ్వానపత్రిక పంపుటయే. పాత నూలుబట్ట సంచి శ్రేష్ఠము.

నిత్యము తొడుగువారికి ఇంకొక మాట. ఒకే జతను దినదినమును తొడుగవలదు. పగలంతయు పాదము విడిచిన చెమట ఆరుటకు ఒక పూర్తిదినము కావలెను. రెండు జతలు మార్చిమార్చి వాడువాని రెండు జతలును, ఒకదానివెంట నొకటి వాడువాని రెండు జతలకన్న ఎక్కువకాలము మన్నును. మడమను త్రొక్కి దూర్చవలదు. మడమ అరుగుట మొదలైనప్పుడే కుట్టువానికి చూపవలెను; అట్ట పోయిన తరువాత అడుగు పోవును, అడుగు పోయిన తరువాత జోడే పోవును. దినమునకొక దులుపు, వారమునకొక పాలిషు, నెలకొక పోషణము. ఈ మాత్రము చేసిన మంచి తోలుబూటు ఏండ్లతరబడి నిలచును.

మాన్యులారా! ఇంతవరకు జోటిని గూర్చి చెప్పితిని. ఇక యువకుల ప్రశ్నకు వత్తును.

1838లో పారిసు నగరమున డగేర్ అను శాస్త్రజ్ఞుడు ఒక మేడమీదినుండి వీథిని ఛాయాచిత్రము తీసెను. ఆనాటి యంత్రమునకు ఒక్క చిత్రమునకే నిమిషములు పట్టెడిది. వీథిలో పోవు బండ్లును, జనులును కదలుచుండుటచే ఎవరును పలకమీద నిలువలేదు. వీథియంతయు నిర్మానుష్యముగా కనబడును. ఒక్క మూలమాత్రము ఒక మనిషి కాలు పెట్టెమీద మోపి నిలచియుండెను. అతని బూట్లకు వేరొకడు వంగి మెరుగు పెట్టుచుండెను. మనుష్యరూపము కనబడు ఛాయాచిత్రములలో మనకు తెలిసినంతవరకు అదియే మొదటిదని చెప్పుదురు. రాజులకన్న ముందు, మంత్రులకన్న ముందు, ఛాయాచిత్రమున కెక్కినవారిలో ఒకడు పాలిషు చేయువాడు. అతని పేరు మాత్రము ఎవరికిని తెలియదు.

1824లో లండనులో పండ్రెండేండ్ల బాలుడొకడు, అప్పులపాలై తండ్రి కారాగారమున నుండగా, బూటుపాలిషు తయారుచేయు గిడ్డంగిలో బుడ్లకు కాగితములు అంటించెను. అతడే పిదప ఛార్లెసు డికెన్సు. అంతటి రచయితయు ఆ సంగతిని బ్రతికినంతకాలము లోకమునకు దాచెను. 1870లో ఆయన మరణించిన పిదప మిత్రుడు వ్రాసిన జీవితచరిత్రవలననే అది బయటపడినది. ఇక బ్రెజిలు దేశమున, ఆ కార్నోబా చెట్లు పెరుగు ఈశాన్యభాగముననే ఒక పేదయింట పుట్టి, బాల్యమున వీథిలో బూట్లకు పాలిషు చేసిన లూలా ద సిల్వా 2003లోను, మరల 2023లోను ఆ దేశాధ్యక్షపదవి స్వీకరించెను. ఆయన ఆ పెట్టెను దాచలేదు. మన దేశముననే, కాశీలో జోళ్లు కుట్టిన సంతు రవిదాసు తన వృత్తిని తన పదములలోనే చెప్పుకొనెను. మన జాషువ కవి 1941లో వెలువరించిన గబ్బిలము కావ్యమునకు పాదరక్షలు కుట్టు అరుంధతీయుని నాయకుని చేసెను.

యువకులారా! మీరీ వృత్తిలో నుండితీరవలెనని నేను చెప్పుట లేదు. పుట్టుకవలన మెడకు కట్టిన పని బంధనము. దానిని త్రెంచుకొనుటకు మన పెద్దలు సభలు చేసిరి. ఆ పోరాటము న్యాయము. రైలునిలయములందు పెట్టె భుజమున వేసికొని తిరుగు బాలుని చేతిలో కుంచె యుండరాదు, పలక యుండవలెను. అతనిని బడికి పంపుట మన సంఘపు మొదటి కర్తవ్యము. కాని బంధనమును త్రెంచుకొనుట వేరు, విద్యను పారవేయుట వేరు. తంగేడుచెక్క వగరును, తోలు ఆకలిని, పోగు ముడుతను తెలిసికొనినది మన తాతలు. ఆ యెరుకనే నేడు చర్మశాస్త్రమని పేరుపెట్టి చెన్నపట్టణపు పరిశోధనశాలలలో బోధించుచున్నారు. హైదరాబాదులోను పాదరక్షల రూపకల్పనను నేర్పు సంస్థ కలదు. మన పిల్లలు అక్కడ చేరుటకు సిగ్గుపడి, ఆ బల్లలమీద ఇతరులు కూర్చుండి మన విద్యను మనకే అమ్మునప్పుడు ఆశ్చర్యపడుట తగునా?

వృత్తిలో నున్న సోదరులకు మూడు మనవులు. ఒకటి, కాలిన తోలునకు మెరుగు పెట్టవలదు. జోడు చెడినచో చెడినదని చెప్పుడు. ఆనాడు డబ్బు పోవును గాని, మనిషి తిరిగివచ్చును. రెండు, పాలిషు చేయుచు రెండు మాటలు చెప్పుడు. తడిసినప్పుడేమి చేయవలెనో, బూజు పట్టినప్పుడేమి చేయవలెనో చెప్పువానిని లోకము కూలివాడని యనలేదు. వైద్యుని అడిగినట్లు అడుగును, తగిన వెల ఇచ్చును. మూడు, 2014లో వచ్చిన వీథి విక్రేతల చట్టము వీథిలో వస్తువులమ్మువారితో పాటు సేవ లందించువారికిని వర్తించును. చెట్టుక్రింద కూర్చుండి కుట్టువాడును దానిలోనివాడే. పురపాలకసంఘము వారి లెక్కలో పేరెక్కించుకొని, ధ్రువపత్రము పొందుడు. ఈ దరఖాస్తులు వ్రాయించుటకు మన సంఘపు యువకులు నెలకొక ఆదివారమును వెచ్చించినచో, ఈ మహాసభ పందిరి ఖర్చు సార్థకమగును.

పోషకమహాశయులకును ఒక్క మనవి. రేపు మీరు కాలు పెట్టెమీద మోపినప్పుడు, ఆ వంగిన మనిషి పేరు అడుగుడు. బేరమాడుట మీ యిష్టము. పేరు అడుగుట మాత్రము మరువవలదు. పారిసువీథిలోని ఆ మనిషి పేరు అడుగువాడు లేకపోయెను.

మా తండ్రి గతించి చాలకాలమైనది. ఆయన జత మాత్రము నాయొద్ద నున్నది. నేను నేటికిని నెలకొకసారి దానికి ఆముదము పెట్టుచున్నాను. ఇన్నేండ్లైనను తోలు పగులలేదు; వంచిన వంగును. కొన్నియేండ్ల క్రిందట మా గ్రామమునకు పోయినప్పుడు వానిని సంచిలో వేసికొనిపోయితిని. పెద్దవీథి మొదలునకు వచ్చి, నా బూట్లు విడిచి, ఆ చెప్పులు తొడుగుకొని, వీథి చివరవరకు నడచి, చెరువుకట్ట చేరితిని. ఎవరును ఏమియు అనలేదు. అరుగుమీద కూర్చున్న ఒక ముసలాయన మాత్రము తలయెత్తి, "కిర్రు బాగుందయ్యా, ఎవరు కుట్టినారు?" అని అడిగెను. నేను మా తండ్రి పేరు చెప్పితిని. ఆ వీథిలో ఆయన పేరు అంత బిగ్గరగా పలుకబడుట అదియే మొదటిసారి యని నా తలపు.